ధర్మవరంలో పంక్తి చివర కూర్చున్న ఆదివారం

కాన్వెంటులో నాతో చదివిన అమ్మాయి ఒకతి పెళ్ళై ధర్మవరంలో ఉంటోంది. పోయిన వానాకాలం మా పాత క్లాసు వాట్సాప్ గ్రూపులో తను ఒక చిన్న వీడియో పెట్టింది. ఎవరిదో ఇంటి ముందుగది. ఒక పక్క మగ్గం, దాని మీద కప్పిన తెల్ల దుప్పటి. చిన్న బల్ల వెనక నడివయసు దాటిన ఒకామె నేత చీర మీద తెల్లటి అంగీ తొడుక్కుని, మెడలో ఫాదర్లు వేసుకునే పొడవాటి పట్టీ, స్టోల్, వేసుకుని, చర్చి పూజలో గురువు, అంటే ఫాదర్, ఎత్తినట్టే పాత్రను రెండు చేతులతో పైకెత్తుతోంది. కింద ఆ అమ్మాయి "చూడండే, చీర కట్టిన ఫాదర్" అని రాసి నవ్వు బొమ్మలు పెట్టింది. గ్రూపులో అందరూ నవ్వారు. నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను. తర్వాత తలుపు వేసుకుని, శబ్దం తగ్గించి, ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ చూశాను.

ఎందుకు చూశానో చెప్పాలి. కాన్వెంటు హాస్టల్లో ఉన్నప్పుడు అక్కడి ప్రార్థనామందిరంలో పీఠం, అంటే పూజ జరిగే బల్ల, మీది గుడ్డలు ఇస్త్రీ చేసే పని నాది. పూజకు ముందు పాత్ర, పళ్ళెం, నీళ్ళు, ద్రాక్షరసం సర్ది పెట్టేదాన్ని. నలుగురిలో నోరు విప్పని పిల్లనని సిస్టర్లు నాకు ఆ పని ఇచ్చారు. అట్లా రోజూ దగ్గర్నుంచి వినీ వినీ గురువు చెప్పే ప్రార్థనలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఆయన చెబుతుంటే నేను పెదవులు కదిలించేదాన్ని, శబ్దం లేకుండా. ఒకసారి ఒక సిస్టర్‌ను అడిగాను, ఈ మాటలు మనం ఎప్పుడు చెప్తామని. ఆమె మంచి మనిషి. నవ్వి, "మనం చెప్పం. మనం విని ఆమెన్ అంటాం" అంది. నీకు దైవపిలుపు ఉన్నట్టుంది, మఠంలో చేరమని కూడా అంది. నాకు మఠం వద్దు, ఆ బల్ల కావాలి. ఈ మాట ఇంట్లో చెప్పలేను. పాపసంకీర్తనంలో ఫాదర్‌కు చెప్పుకుందామంటే ఇది పాపం కాదు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. స్వతంత్ర కతోలిక సంఘాలని కొన్ని ఉన్నాయి. పూజ మాదే, సంస్కారాలు మావే, మేత్రాణులు, అంటే బిషప్పులు, తలమీద చేతులుంచి గురుపట్టం ఇవ్వడమూ మా మాదిరే. కానీ వాళ్ళు పోపుగారి పాలనలో ఉండరు. చాలా సంఘాల్లో పెళ్ళైనవాళ్ళూ, ఆడవాళ్ళూ గురువులు కావచ్చు. జీతం ఉండదు, వేరే పని చేసుకుని బతకాలి. మా చర్చి వాళ్ళను ఒప్పుకోదు. వాళ్ళ పూజలో సత్ప్రసాదం, గురువు దీవించి పంచే అప్పం, తీసుకోవడానికి మాకు అనుమతి లేదు. ఇవన్నీ పుస్తకాల్లో చదివాను. నేను హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను, చదవడానికి తీరిక ఉంటుంది. పుస్తకంలో ఉన్న విషయం మా ఊరి నుంచి ఒక పూట ప్రయాణం దూరంలో ఉందని మాత్రం ఆ వీడియో చూసేదాకా తెలియదు. వీడియో పెట్టిన అమ్మాయి దగ్గర ఫోన్ నంబరు తీసుకున్నాను. ఆమె పేరు లూర్దమ్మ అట. ఆదివారం పొద్దున పెనుకొండలో ఒక ఇంట్లో, సాయంత్రం ధర్మవరంలో ఇంకో ఇంట్లో పూజ చేస్తుందట. ఫోన్ చేసి, ఆమె "అలో" అనగానే పెట్టేశాను. మళ్ళీ చేశాను, మళ్ళీ పెట్టేశాను. ఆమెను అడగాలనుకున్నది ఒక్కటే. నన్ను తీసుకుంటారా అని.

ఆ ఆదివారం తెల్లవారుజామునే మా చర్చిలో మొదటి పూజకు వెళ్ళి సత్ప్రసాదం తీసుకున్నాను. ఆ పని కావాలనే చేశాను. లూర్దమ్మ పూజలో తీసుకోకుండా ఉండటానికి, ఈ రోజుకు తీసుకున్నానన్న కారణం ఒకటి చేతిలో ఉంటుందని. అటునుంచి నేరుగా బస్టాండుకు నడిచాను. హిందూపురం నుంచి ధర్మవరానికి నేరుగా రైలుంది, కానీ నేను పెనుకొండలో దిగాలి కాబట్టి బస్సే మేలు. బస్టాండు బయట తోపుడుబండి దగ్గర ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. ముప్పై రూపాయలు. వంద నోటు ఇస్తే బండి ఆమె విసుక్కుంది. "పొద్దుపొద్దున్నే అందరూ నోట్లే తీస్తాండారు. చిల్లర దుడ్లు యాడినుంచి తెచ్చేది పాపా?" అని, పక్క బండిలో మార్చుకొచ్చి ఇచ్చింది.

ఏడున్నరకు పెనుకొండ బస్సు కదిలింది. ఇప్పుడు ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ సున్నా. మగవాళ్ళకు అరవై దాకా అవుతుంది. కార్డు సంచి అడుగున ఎక్కడో ఉంది, వెతుకుతున్నాను. కండక్టర్ తలమీదే నిలబడ్డాడు.

"నిదానంగా తియ్యమ్మా, పెనుకొండ యాడికీ పోదు" అన్నాడు.

వెనక సీట్లో పెద్దాయన అందుకున్నాడు. "మాకు దుడ్లు తీసేదానికి ఇంతసేపు ఇస్తావా నువ్వు?"

"నీకు ఆధార్ వద్దు, దుడ్లు చాలు. తియ్యప్పా."

గంటకు పైగా ప్రయాణం. చేలల్లో వేరుశనగ పసుపు తిరిగి ఉంది. ఆపైన బండరాతి గుండ్లు, ముళ్ళకంపలు, మళ్ళీ గుండ్లు. పెనుకొండ కొండ దూరం నుంచే కనిపిస్తుంది, దాని మీద కోటగోడ గీత గీసినట్టు. కొండ కింద పాత వీధుల్లో ఒక ఇంటిని వెతుక్కుంటూ వెళ్ళాను. కార్ల ఫ్యాక్టరీ క్యాంటీనులో పని చేసే ఒకామెది ఆ ఇల్లు. వెతకాల్సిన పని లేకుండా పోయింది. వీధి మలుపులోనే పాట వినిపించింది. మేము పాడే ప్రవేశగీతమే, కాస్త నెమ్మదిగా. గుమ్మం బయట అయిదారు జతల చెప్పులు. నావి విప్పితే ఇంకో జత అయ్యేవి.

విప్పలేదు. గుమ్మం దాకా వెళ్ళి, దారి తప్పినదాన్లా ముందుకు నడిచాను. వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడి నుంచి కోట ద్వారం వైపు ఎక్కడం మొదలుపెట్టాను. మెట్ల దగ్గర ఒకామె గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది.

"ఒక్కదానివే వచ్చినావా?" అని అడిగింది. ఔనన్నాను.

"పైన ఏముండాదని పోతాండావు? గోడలు, కోతులు. ఈడనే కూర్చో, పండు తిను."

కూర్చున్నాను. యాభై రూపాయలకు ఆరు కాయలు. ఒకటి అక్కడే తిన్నాను. ఊరంతా కింద కనిపిస్తోంది, ఆ ఇంటి రేకుల కప్పు కూడా. ఇప్పుడు పఠనాలు అయిపోయి ఉంటాయి, ఇప్పుడు కానుకలు, ఇప్పుడు పాత్ర పైకెత్తి ఉంటుంది అనుకుంటూ కూర్చున్నాను. ఎంతో కాలం నుంచి కోరుకున్న చోటు అంత దగ్గరగా ఉంటే కాళ్ళు ఎందుకు వెనక్కు నడుస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పండ్లామె నన్ను చూసి, "పరీక్ష తప్పినావా ఏమి?" అంది.

దిగి వచ్చేసరికి గుమ్మం దగ్గర చెప్పుల్లేవు. ధర్మవరం బస్సు కోసం రోడ్డు మీదికి వస్తే అక్కడ చెట్టు నీడలో ఆమె నిలబడి ఉంది. ముదురు నీలం నేత చీర, భుజాన గుడ్డసంచి, చేతిలో స్టీలు క్యారియర్. వీడియోలో కంటే పొట్టిగా ఉంది. నేను చూపు తిప్పుకునేలోగా ఆమే పలకరించింది.

"ఫోన్ జేసి మాట్లాడకుండా పెట్టేసేది నువ్వేనా?"

తలూపాను. ఎలా తెలిసిందని అడిగే ధైర్యం లేదు. ఆమే చెప్పింది. "గుమ్మం ముందర పోతాంటే చూసినా. చేతులెత్తి ప్రార్థన చెప్తాండా, ఎట్ల పిల్సేది? బస్సు వస్తాండాది, ఎక్కు."

పెనుకొండ నుంచి ధర్మవరానికి బస్సులో గంటంపావు. మాకు పక్కపక్కన సీట్లు దొరికాయి. ఏమని పిలవాలో తెలియక సిస్టర్ అన్నాను. "సిస్టరనే పిల్చు, ఏం గాదు. చానా ఏండ్లు అదే. అవ్వ ఒకామె నన్ను స్వామీ అంటాది. ఆటోవాళ్ళు ఫాదరమ్మ అంటారు. దేవుడు యా పేరుతో పిల్సినాడో నాకూ తెల్దు" అంది.

తలుపుల అనే ఊరి దగ్గర పల్లె ఆమెది. నాయన గొర్రెలు మేపేవాడు. సిస్టర్లు బడికి తీసుకుపోయారు, తర్వాత మఠంలో చేరింది, ఆసుపత్రిలో రోగుల పని చూసింది. నా వయసులోనే ఆమెకూ ఆ కోరిక మొదలైందట. నలభై దాటాక మఠం వదిలేసింది. స్వతంత్ర సంఘం మేత్రాణి ఒకాయన బెంగుళూరు దగ్గర ఒక ఇంటి మేడ మీద ఆమెకు గురుపట్టం ఇచ్చాడు. దుప్పట్లు కట్టి నీడ చేశారట. కొత్త గురువు మొదటి దీవెన తల్లిదండ్రులకు ఇవ్వడం ఆనవాయితీ.

"అమ్మ లేదు. మా నాయన వచ్చినాడు. తలకు గుడ్డ చుట్టుకొని, చేతిలో కట్టెతో. వంగు నాయనా, దీవిస్తా అంటే, 'నా కూతురికి నేనేం వంగేది?' అన్నాడు. గొర్రెల్ని కాసే మనిషి, ఎవరికీ వంగడు. నేనే మునివేళ్ళ మీద నిలబడి ఆ గుడ్డ మీదనే చెయ్యి పెట్టినా." క్యారియర్‌ను ఒళ్ళో సర్దుకుని, "అప్పుడు గుడ్డ తీసినాడు" అంది.

ఏం పోగొట్టుకున్నారని అడిగాను. ఆ ప్రశ్న నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"నాతో మఠంలో ఉన్నోళ్ళు మాట్లాడరు. కొందరు మాట్లాడతారు, ఎవరూ లేనప్పుడు. సిస్టర్ల సమాధుల్లో నాకూ జాగా ఉండె, అది పాయె. సచ్చిపోతే యాడ పెడ్తారో తెల్దు." ఫిర్యాదులా చెప్పలేదు. బస్సు వేళలు చెప్పినట్టు చెప్పింది. "నువ్వు ఏమో అడగాలని వచ్చినావు."

"ఔను."

"ఇప్పుడొద్దు. పూజ చూడు. అయినాంక అడుగు."

ధర్మవరం బస్టాండు నుంచి ఆటోకు నలభై రూపాయలు. ఇద్దరం ఎక్కాం. డ్రైవర్ అద్దంలో నన్ను చూసి, "ఏం ఫాదరమ్మా, కొత్త శిష్యురాలా?" అన్నాడు. "నీలాగ మాట్లాడే శిష్యురాలు గాదప్పా, బండి చూసి నడుపు" అందామె. నేత వీధుల్లోకి వచ్చేసరికి రెండు పక్కల ఇళ్ళలోంచీ మగ్గాల చప్పుడు. లూర్దమ్మ ఈ వీధుల్లోనే అచ్చులు అతికే పని చేస్తుంది. మగ్గం మీద పాత నిలువు పోగులు అయిపోవచ్చినప్పుడు కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటి కొసలకు మెలిపెట్టి కలపాలి. వారమంతా ఆ పని, ఆదివారం ఈ పని.

పూజ జరిగే ఇల్లు శాంతమ్మవ్వది. పడిపోయి తుంటి విరిగి మంచాన ఉన్న రోజుల్లో లూర్దమ్మ రోజూ వచ్చి ఒళ్ళు తుడిచేదట. అప్పటినుంచి అవ్వ ఆమెను స్వామీ అంటుంది. ముందుగది అవ్వదే, అందులో మగ్గం మాత్రం పక్కింటి నాగప్పది. తన ఇంట్లో చోటు లేక ఇక్కడ పెట్టుకున్నాడు. మేము వెళ్ళేసరికి అవ్వ రాగిసంగటి కెలుకుతోంది. నాకు రెండు ముద్దలు పెట్టింది, ఊరిబిండి పచ్చడితో. రెండోది వద్దంటే వినలేదు. నా ఉద్యోగం ఏమిటో అడిగి తెలుసుకుని, "పుస్తకాలు మోసే చేతులు ఇంత సన్నగుంటే ఎట్ల?" అంది. తృప్తిగా తిన్నాను. సీతాఫలాలు ఆమెకు ఇచ్చేశాను.

నాలుగు గంటలకు పూజ. అంతకు ముందే నాగప్ప వచ్చి మగ్గం మీద దుప్పటి కప్పాడు. పట్టు ఉన్న గదిలో మంట పెట్టకూడదు, నిప్పురవ్వ ఎగిరితే చీర పోతుంది, పొగ తగిలితే రంగు పోతుంది. అందుకని పీఠం మీద కొవ్వొత్తులు ఉండవు. రెండూ బయట గుమ్మం మీద వెలుగుతాయి, దారిన పోయేవాళ్ళందరికీ కనబడేలా. నాగప్ప అగ్గిపెట్టె ఇస్తూ, "మీ దేవునికి బయట పెట్టినా కనపడతాదిలే ఫాదరమ్మా" అన్నాడు. "బయటే బాగా కనపడతాది" అందామె. ఆయన పూజలో కూర్చోడు. మెట్టు మీద కూర్చుని కొవ్వొత్తులు ఆరిపోకుండా చూస్తాడు.

పదిమంది దాకా వచ్చారు. బెంచీలు లేవు. భోజనాలకు కూర్చున్నట్టు గోడ వారగా పొడవాటి చాప పరిచి వరసగా కూర్చున్నారు. నేను అందరికంటే చివర కూర్చున్నాను. ఎక్కడికి వెళ్ళినా నేను కూర్చునేది చివరనే. నా పక్కన ఒక భార్యాభర్తల జంట. ఇద్దరికీ అది రెండో పెళ్ళి, మొదటి పెళ్ళిళ్ళు చర్చి లెక్కలో ఇంకా చెల్లుబాటులోనే ఉన్నాయి. అందుకని వాళ్ళ ఊరి చర్చి గుడిలో సత్ప్రసాదం ఇవ్వరట. నా పక్కన కూర్చుంటూనే ఆమె తన పేరు స్టెల్లా అని, భర్త బట్టల దుకాణంలో పని చేస్తాడని, మామూలు మాటల్లో ఇవన్నీ చెప్పేసింది.

పూజ మాదే. ఒక్క మాట కూడా తేడా లేదు. ప్రసంగం మాత్రం లేదు. దానికి బదులు లూర్దమ్మ వరసలో ఒక్కొక్కరినీ ఈ వారం ఏమైందని అడిగింది. ఒకరికి పనిలేదు, ఒకరి కూతురికి కాన్పు దగ్గరపడింది. నా దగ్గరికి వచ్చి, "ఈమె హిందూపురం నుంచి వచ్చింది" అని ఊరుకుంది. తర్వాత అప్పాన్ని చేతుల్లోకి తీసుకుంది. ఆమె చెబుతుంటే నా పెదవులు కదిలాయి. చిన్నప్పుడు కదిలినట్టే. కానీ ఎప్పుడూ ఒక మగ గొంతు కింద దాచుకున్న మాటలు ఈసారి నా గొంతులాంటి గొంతులోంచి వస్తున్నాయి. ఆ మాటలు ఆ గొంతులో ఎబ్బెట్టుగా ఉంటాయేమోనని ఇన్నాళ్ళూ ఒక భయం ఉండేది. అవి ఆమె నోట్లో 'అన్నం' అనే మాటంత మామూలుగా ఉన్నాయి. తల ఎత్తలేకపోయాను.

సత్ప్రసాదం సమయానికి ఎవరూ లేవలేదు. ఆమే పళ్ళెం పట్టుకుని వడ్డించినట్టు వరస వెంట వచ్చింది. స్టెల్లా తర్వాత నేను. చేయి గుండె మీద పెట్టుకుని తల అడ్డంగా ఆడించాను. మాలో తీసుకోనివాళ్ళు అలాగే చేస్తారు. ఆమె నా తల మీద చేయి ఉంచి దీవించింది. ఆ తర్వాత, పళ్ళెం నా చేతుల్లో పెట్టి, నా ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది.

నాకు అర్థం కాలేదు. స్టెల్లా చెవిలో చెప్పింది. "మా దాంట్లో స్వామి ముందర తినదు. అందరికీ పెట్టినాంక, వరస కడాన ఉండేవాళ్ళు ఆమెకు పెట్టాల. అవ్వ పెట్టిన పద్ధతి." తర్వాత తెలిసింది. మొదట్లో లూర్దమ్మ అన్ని చోట్లా గురువులు చేసినట్టే ముందు తనే తీసుకునేదట. అవ్వ ఒప్పుకోలేదు. వడ్డించే మనిషి ముందర తినేదేంది అంది. సరే, చివర తింటానంటే దానికీ ఒప్పుకోలేదు. పుట్టినప్పటినుంచి అందరికీ పెట్టి, ఎవరూ పెట్టేవాళ్ళు లేక నాకు నేనే పెట్టుకొని తిన్నా, దేవుని దగ్గర గూడ అంతేనా అందట.

పళ్ళెంలో రెండు అప్పాలున్నాయి. ఒకటి తీశాను. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. మామూలుగా నలుగురు చూస్తే నేను నోరు విప్పను. ఆ రోజు విప్పాను.

"క్రీస్తు శరీరము" అన్నాను.

"ఆమెన్" అందామె. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎప్పుడూ నేను అన్నదే. నాకు ఎవరైనా అనడం అదే మొదలు.

రెండోది నాది. అది పళ్ళెంలో అలాగే ఉంది. ఆమె లేవకుండా నా వైపు చూసింది. కోట మెట్ల మీదినుంచి రేకుల కప్పును చూసినట్టే దాన్ని చూశాను. అంత దగ్గర. తెల్లవారుజామున చేతిలో పెట్టుకున్న కారణం గుర్తొచ్చింది. పళ్ళెం ఆమెకు తిరిగి ఇచ్చేశాను. మిగిల్చకూడదు కాబట్టి దాన్ని కూడా తనే తీసుకుంది. పూజ ముగిసింది.

అవ్వ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు చాటలో తెచ్చి పంచింది. నా దగ్గర ఆగింది.

"తీసుకో పాపా. ఇది తింటావు గదా?"

తీసుకున్నాను.

"మధ్యాహ్నం నా చేతి సంగటి తింటివి. అంతలోకే ఏమాయె?"

"పొద్దున్నే మా ఊర్లో తీసుకున్నానవ్వా."

"పొద్దున తింటే మాపటికి తినవా నువ్వు?"

ఒకరిద్దరు నవ్వారు. స్టెల్లా నవ్వలేదు. కాయలు ఒలుస్తూ, నా వైపు చూడకుండా మెల్లగా అంది. "మేమూ మా గుడిలో అట్లనే కూర్చున్నాం, చానా ఏండ్లు. అందరూ లేసి పోతాంటే కూర్చొని ఉండేది మాకు బాగా తెలుసు. మమ్మల్ని వద్దన్నారు. నిన్నెవరు వద్దన్నారక్కా?"

నా దగ్గర జవాబు ఉంది. నియమం ఉంది, పుస్తకంలో పేజీ కూడా తెలుసు. అది ఆ గదిలో చెప్పగలిగిన మాట కాదు. మన ఊళ్ళలో ఎవరు ఎవరింట్లో తినరో, ఎందుకు తినరో అందరికీ తెలుసు. నేను ఏ కారణంతో తినకపోయినా, ఆ వరసలో కూర్చున్నవాళ్ళకు అది తినకపోవడమే.

అందరూ వెళ్ళాక లూర్దమ్మ అంగీ మడతపెడుతూ, "ఇప్పుడు అడుగు" అంది.

"నన్ను తీసుకుంటారా? గురుపట్టానికి."

"నేనెవరిని తీసుకునేదానికి? బిషప్పు గూడ ఒక్కడే తీసుకోడు. నాకు పట్టం కావాలని పోతే మా దాంట్లో పని గాదు. పదిమంది పోయి, 'ఈమెను మాకు ఇయ్యి' అనాల. ఆయన ఈ ఊరికి వచ్చినప్పుడు నన్నట్లనే అడిగినారు. వీళ్ళే. అవ్వ ఆటోలో పండుకొని వచ్చింది, తుంటి నొప్పితో." మడత సరిగ్గా రాలేదని విప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. "నీ పదిమంది ఎవరు?"

ఆలోచించాను. లైబ్రరీకి వచ్చే పిల్లల పేర్లు కార్డుల మీద తెలుసు. చర్చిలో నా ముందు బెంచీలో కూర్చునేవాళ్ళ వీపులు తెలుసు.

"ఎవరూ లేరు."

"చెయ్యి వణకలే నీది. గొంతు గూడ బాగుండాది, నేను అనుకోలే. చదువుకున్నావు, నాకంటే బాగా చెప్తావు. కానీ మాతో తిననిదానివి మాకెట్ల పెడ్తావమ్మా?"

కోపం లేదు ఆ మాటలో. ఉంటే నయంగా ఉండేది. మళ్ళీ రావచ్చా అని అడిగాను.

"చూసేదానికైతే ఎప్పుడన్నా రా. తినేదానికైతే బాగా ఆలోచన జేసుకొని రా. ఆడ మీ ఫాదరుకు తెలుస్తాది, మీ ఇంట్లో తెలుస్తాది. నాకు ఏమేమి పోయిందో బస్సులో విన్నావు. నేను నిన్ను రమ్మని పిల్సను." అంగీ సంచిలో పెట్టి, నా భుజం మీద చేయి వేసి ఒక నిమిషం ఉంచింది. బయట నాగప్ప కొవ్వొత్తులు ఆర్పి లోపలికి వచ్చాడు, మగ్గం మీది దుప్పటి తీయడానికి.

తిరుగు ప్రయాణం రైల్లో. ధర్మవరం స్టేషన్లో సాయంత్రం బెంగుళూరు వైపు బండ్లు ఉంటాయి. హిందూపురానికి రెండు గంటల లోపు, మామూలు బండిలో జనరల్ టికెట్ యాభై దాటదు. కిటికీ సీటు దొరికింది. గుండ్ల మీద ఎండ ఎర్రబడి, నల్లబడింది. పెనుకొండ కొండ ఈసారి రెండో వైపు నుంచి కనిపించింది. ఎన్నో ఏళ్ళుగా ఆ మాటలు ఒక్కసారి పలకాలని కోరుకున్నాను. పలికాను. కోరిక తీరితే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, దాని ఆకారం మారింది. ఇన్నాళ్ళూ నా కలలో ఒక బల్ల ఉండేది, దాని వెనక నేను ఉండేదాన్ని. బల్లకు ఇవతల ఎవరున్నారో ఎప్పుడూ ఊహించుకోలేదు. తర్వాతి ఆదివారం మా చర్చిలో సత్ప్రసాదం వరసలో నిలబడ్డప్పుడు వెనక్కు తిరిగి, నా వెనక ఉన్నామె పేరు అడిగాను. ఆమె వింతగా చూసి చెప్పింది. మా ఇద్దరి మధ్యా అంతకుమించి మాట సాగలేదు. ధర్మవరం మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళకుండా ఉండగలనని కూడా చెప్పలేను. రాత్రుళ్ళు చదువుతుంటే పళ్ళెంలో మిగిలిన ఆ ఒక్కటి కనబడుతుంది. అది నా వంతు, వద్దని ఎవరూ అననిది.

మీలో ఎవరైనా ఆ ఇంటికి వెళ్ళాలనుకుంటే ఒక సలహా. మూడున్నరకల్లా చేరుకుని ఎక్కడ కూర్చోవాలో ముందే నిర్ణయించుకోండి. ఊరికే చూసిపోవడానికైతే బయట మెట్టు మీద నాగప్ప పక్కన చోటుంటుంది, అక్కడి నుంచి అంతా కనిపిస్తుంది, మాటలు కూడా వినిపిస్తాయి, ఎవరూ ఏమీ అనుకోరు. లోపల చాప మీద కూర్చుంటే మాత్రం తినడానికి కూర్చోండి.